అటోర్వానా, రోసువానా? కొలెస్ట్రాల్ మాత్ర గురించి సంఘస్థులు తెలుసుకోవలసింది

ఆదివారం ఆరాధన ముగిశాక సంఘస్థుల చేతుల్లో బైబిలుతో పాటు మందుల చీటీ కూడా కనబడడం ఈ మధ్య మామూలైపోయింది. "అయ్యగారూ, నాలుగేళ్లుగా అటోర్వా వేసుకుంటున్నాను. ఇప్పుడు కొత్త డాక్టరు గారు రోసువా రాశారు. ఏది మంచిదంటారు?" అని ఒకరు. "మా ఆయనకు 20 ఉండేది, ఇప్పుడు 10కి తగ్గించారు, అంటే నయమైనట్టేనా?" అని మరొకరు. "మా అబ్బాయి అమెరికా నుంచి ఫోన్ చేసి క్రెస్టార్ వాడమంటున్నాడు, అది ఇక్కడ దొరుకుతుందా?" అని ఇంకొకరు.

ఎవరు ఏ మాత్ర వాడాలో చెప్పవలసింది వారిని పరీక్షించిన వైద్యుడే. ఆ పని ఈ పేజీ చేయదు. అయితే ఈ రెండు మందుల గురించి వైద్యశాస్త్రం ఇప్పటిదాకా ఏమి తేల్చిందో మామూలు మాటల్లో తెలిసి ఉంటే, డాక్టరు గారి ముందు కూర్చున్నప్పుడు అడగవలసింది అడగగలం, వారు చెప్పింది అర్థం చేసుకోగలం. అందుకే ఈ వ్యాసం.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ రెండు మాత్రల మధ్య తేడా ఉంది గానీ చిన్నది. మాత్ర క్రమంగా వేసుకోవడానికీ, మధ్యలో మానేయడానికీ ఉన్న తేడా చాలా పెద్దది. చదువుతున్నంతసేపూ ఈ మాట గుర్తుంచుకోండి.

కొలెస్ట్రాల్ ఎక్కడి నుంచి వస్తుంది?

కొలెస్ట్రాల్ విషం కాదు. శరీరంలో ప్రతి కణానికీ అది కావాలి. కొన్ని హార్మోన్ల తయారీకీ, జీర్ణానికి అవసరమైన పైత్యరసానికీ అదే ముడిసరుకు. మనం తినే నెయ్యి, వేపుళ్ల వల్లే అది వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో ఎక్కువ భాగం మన శరీరమే తయారు చేసుకుంటుంది. అందుకే సన్నగా ఉండి, మాంసం ముట్టని వారికి కూడా కొలెస్ట్రాల్ ఎక్కువ ఉండవచ్చు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువుల పాత్ర ఇందులో చాలా ఉంది.

రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసుకు తిరిగే కణాల్లో ఎల్‌డిఎల్ అనేది ముఖ్యమైనది. దాన్నే చెడ్డ కొలెస్ట్రాల్ అంటున్నారు. అది ఎక్కువైతే రక్తనాళాల గోడల్లోకి చేరి ఏళ్ల తరబడి పూడికగా పేరుకుంటుంది. ఆ పూడిక ఒకరోజు పగిలితే అక్కడ రక్తం గడ్డకడుతుంది. గుండె నాళంలో జరిగితే గుండెపోటు, మెదడు నాళంలో జరిగితే పక్షవాతం. ఆ రోజు వచ్చేదాకా నొప్పి ఉండదు, ఆయాసం ఉండదు. "నాకేం లేదు, బాగానే ఉన్నాను" అనుకునే వారిని ఇది మోసం చేసేది ఇక్కడే.

బూజులో దొరికిన మందు

అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ రెండూ స్టాటిన్లు అనే ఒకే కుటుంబానికి చెందినవి. ఈ కుటుంబం కథ జపాన్‌లో మొదలైంది. అకిరా ఎండో అనే శాస్త్రవేత్త శాంక్యో అనే మందుల కంపెనీలో పనిచేసేవారు. బూజు నుంచి పెన్సిలిన్ దొరికినట్టే, కొలెస్ట్రాల్ తయారీని ఆపే పదార్థం కూడా ఏదో ఒక బూజులో ఉండవచ్చని ఆయన నమ్మకం. వేల రకాల బూజులు, శిలీంధ్రాలు పరీక్షించాక, క్యోటోలోని ధాన్యం అంగడి నుంచి తెచ్చిన బియ్యం మీద పెరిగిన ఒక బూజులో 1973లో ఆయనకు అది దొరికింది. ఆయన కనుగొన్న మొదటి పదార్థం మందుగా మార్కెట్లోకి రాలేదు గానీ దారి చూపింది. 1987లో లోవాస్టాటిన్ అనే మొదటి స్టాటిన్‌కు అమెరికాలో అనుమతి లభించింది. ఎండో 2024లో తొంభయ్యేళ్ల వయసులో మరణించారు.

ఈ మందు చేసే పని ఇది. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారయ్యేందుకు ఒక ఎంజైము అవసరం. స్టాటిన్ ఆ ఎంజైముకు అడ్డుపడుతుంది. తయారీ తగ్గేసరికి కాలేయానికి కొలెస్ట్రాల్ కొరత వస్తుంది. అప్పుడది తన కణాల మీద ఎల్‌డిఎల్‌ను పట్టుకునే గ్రాహకాలను పెంచుకుని, రక్తంలో తిరుగుతున్న ఎల్‌డిఎల్‌ను లోపలికి లాక్కుంటుంది. ఈ గ్రాహకాల గుట్టు విప్పిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది.

రిపోర్టులో అంకె తగ్గినంత మాత్రాన ప్రాణం నిలుస్తుందా అన్న అనుమానం అప్పట్లో వైద్యుల్లోనే ఉండేది. 1994లో దానికి జవాబు దొరికింది. నార్వే, స్వీడన్ మొదలైన ఐదు దేశాల్లో 4,444 మంది గుండె రోగుల మీద సిమ్వాస్టాటిన్‌ను అయిదేళ్లకు పైగా పరీక్షించారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వారిలో 256 మంది చనిపోగా, మందు వేసుకున్న వారిలో 182 మంది చనిపోయారు. తర్వాత జరిగిన అనేక పరీక్షలను కలిపి లెక్కకట్టినప్పుడు, ఎల్‌డిఎల్ 39 పాయింట్లు తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు సుమారు అయిదో వంతు తగ్గుతాయని తేలింది.

రెండు మాత్రల పరిచయం

అటోర్వాస్టాటిన్‌ను 1985లో అమెరికాలో బ్రూస్ రాత్ అనే రసాయన శాస్త్రవేత్త తయారు చేశారు. 1996 చివర్లో అక్కడ అనుమతి పొందింది. లిపిటార్ అనే పేరుతో అది ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన మందుల్లో ఒకటైంది. రోసువాస్టాటిన్ జపాన్‌లోని షియోనోగి కంపెనీలో పుట్టింది. అమెరికాలో 2003లో అనుమతి పొందింది. క్రెస్టార్ అనేది దాని పేరు. అమెరికాలో ఉన్న పిల్లలు లిపిటార్, క్రెస్టార్ అంటున్నారంటే అవి మనకు తెలియని కొత్త మందులేమీ కావు. మన మందుల షాపుల్లో అటార్వా, స్టోర్వాస్ వంటి పేర్లతో దొరికేది మొదటిది. రోసువాస్, రోజావెల్ వంటి పేర్లతో దొరికేది రెండోది. రెండింటి పేటెంట్ల గడువూ ముగిసింది. జన ఔషధి కేంద్రాల్లో తక్కువ ధరకే దొరుకుతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. కంపెనీ పేరు చూసి ఊరుకోకుండా షీటు వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చూడండి. ఊళ్లో డాక్టరు ఒక పేరుతో, పట్నంలో డాక్టరు ఇంకో పేరుతో రాస్తే, రెండూ స్టాటిన్లే అని తెలియక కలిపి వేసుకునే ప్రమాదం ఉంది. గుండె రోగులు వాడే ఎకోస్ప్రిన్-ఎవి క్యాప్సూల్‌లో కూడా యాస్పిరిన్‌తో పాటు అటోర్వాస్టాటిన్ కలిసే ఉంటుంది. దాని మీద విడిగా మరో స్టాటిన్ వేసుకోవాలో వద్దో డాక్టరును తప్పకుండా అడగాలి.

షీటు మీది అంకె చూసి మోసపోకండి

అటోర్వాస్టాటిన్ 10, 20, 40, 80 మిల్లీగ్రాముల్లో వస్తుంది. రోసువాస్టాటిన్ 5, 10, 20, 40 మిల్లీగ్రాముల్లో వస్తుంది. ఈ అంకెలను ఒకదానితో ఒకటి నేరుగా పోల్చకూడదు. మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము చూస్తే రోసువా ఎక్కువ బలమైనది.

2003లో వెలువడిన స్టెల్లార్ అనే పరీక్షలో ఈ మందులను పక్కపక్కన పెట్టి చూశారు. అటోర్వా 10 మిల్లీగ్రాములు ఎల్‌డిఎల్‌ను సగటున 37 శాతం తగ్గించింది. 20 అయితే 43 శాతం, 40 అయితే 48, 80 అయితే 51. రోసువా 10 మిల్లీగ్రాములకే 46 శాతం తగ్గింది. 20కి 52, 40కి 55.

ఈ లెక్కలో రెండు సంగతులు గమనించండి. మొదటిది, రోసువా 10 బలం అటోర్వా 20కీ 40కీ మధ్య ఉంది. కాబట్టి అటోర్వా 20 నుంచి రోసువా 10కి మార్చారంటే మోతాదు సగానికి తగ్గించినట్టు కాదు. నిజానికి కాస్త పెంచినట్టు. "అంకె తగ్గింది కదా, పాతది లాగా ఉండాలని రెండు వేసుకుంటున్నాను" అనడం ప్రమాదం. రెండోది, మోతాదును రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాదు. ప్రతి రెట్టింపుకూ అదనంగా దొరికేది సుమారు ఆరు శాతమే. మందు పనిలో చాలా భాగం మొదటి చిన్న మోతాదుతోనే జరిగిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. షుగర్ ఉన్న ఒకరికి ఎల్‌డిఎల్ 130 ఉంది, 70 కన్నా తక్కువకు తేవాలి అనుకుందాం. సగటు లెక్కన అటోర్వా 20తో అది 74 దగ్గర ఆగుతుంది. రోసువా 10తో 70కి వస్తుంది. అటోర్వా 40తో 68, రోసువా 20తో 62 అవుతుంది. అంటే సరైన మోతాదులో ఏ మాత్రతోనైనా గమ్యం చేరవచ్చు. ఇవి సగటులు మాత్రమే. ఒక్కొక్కరి శరీరం ఒక్కో తీరుగా స్పందిస్తుంది. అందుకే మందు మొదలుపెట్టాక గానీ మార్చాక గానీ 4 నుంచి 12 వారాల్లో మళ్లీ రక్తపరీక్ష చేయిస్తారు. ఆ పరీక్ష ఎగ్గొట్టవద్దు. మాత్ర మీ శరీరంలో ఎంత పనిచేసిందో చెప్పేది అదే.

ప్రాణం కాపాడడంలో ఏది మిన్న?

ఎల్‌డిఎల్ నాలుగు పాయింట్లు ఎక్కువ తగ్గిస్తే ఆ మాత్రే మంచిదని అనిపిస్తుంది. అసలు అడగవలసిన ప్రశ్న, ఎవరికి గుండెపోటు తక్కువ వచ్చింది, ఎవరు ఎక్కువ కాలం బతికారు అని.

విడివిడిగా చూస్తే రెండింటికీ గట్టి సాక్ష్యం ఉంది. రక్తపోటు ఉన్న 10,305 మందిలో అటోర్వా 10 మిల్లీగ్రాములే గుండెపోట్లను 36 శాతం తగ్గించినట్టు 2003లో తేలింది. షుగర్ ఉన్న 2,838 మంది మీద జరిగి 2004లో వెలువడిన మరో పరీక్షలోనూ అలాంటి ఫలితమే వచ్చింది. 2008లో వెలువడిన జూపిటర్ పరీక్షలో 17,802 మందికి రోసువా 20 గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చారు. రోసువా వేసుకున్న వారిలో పెద్ద గుండె ప్రమాదాలు 44 శాతం తగ్గాయి.

ఇక ముఖాముఖి పోటీ. 2011లో సాటర్న్ అనే పరీక్షలో అటోర్వా 80ని, రోసువా 40ని పోల్చారు. రెండేళ్ల తర్వాత సగటు ఎల్‌డిఎల్ అటోర్వా వారిలో 70, రోసువా వారిలో 63. గుండె నాళాల్లోకి చిన్న పరికరం పంపి పూడికను కొలిచారు. రెండు గుంపుల్లోనూ పూడిక కొంత తగ్గింది. పరీక్షకు ముఖ్యమని పెట్టుకున్న కొలతలో రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

2023లో దక్షిణ కొరియా నుంచి లోడ్‌స్టార్ అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి. గుండె నాళాల జబ్బున్న 4,400 మందిని మూడేళ్లు గమనించారు. మరణం, గుండెపోటు, పక్షవాతం, స్టెంట్ లేదా బైపాస్ అవసరం, వీటన్నిటినీ కలిపి చూస్తే రోసువా వారిలో 8.7 శాతం, అటోర్వా వారిలో 8.2 శాతం. అంటే ఇద్దరూ సమానమే. రోసువా వారిలో ఎల్‌డిఎల్ కొద్దిగా ఎక్కువ తగ్గింది. అయితే కొత్తగా షుగర్ మందులు మొదలుపెట్టాల్సి వచ్చినవారు రోసువాలో 7.2 శాతం, అటోర్వాలో 5.3 శాతం. కంటి శుక్లం ఆపరేషన్ అవసరమైనవారు రోసువాలో 2.5 శాతం, అటోర్వాలో 1.5 శాతం. ఒక్క పరీక్షతో తుది తీర్పు చెప్పలేం గానీ, "కొత్త మాత్ర కాబట్టి గొప్పది" అనడానికి మాత్రం ఆధారం లేదు.

మరి తేడా ఎక్కడుంది?

మాత్ర ఎంచుకునేటప్పుడు డాక్టరు చూసేది ముఖ్యంగా ఈ నాలుగు సంగతులు.

మొదటిది, కిడ్నీలు. అటోర్వాకు కిడ్నీ జబ్బు వల్ల మోతాదు మార్చవలసిన పని ఉండదు. రోసువాకు అలా కాదు. కిడ్నీలు బాగా దెబ్బతిని డయాలిసిస్ దాకా రాని వారికి 5తో మొదలుపెట్టి 10 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. 2022లో అమెరికాలో లక్షలమంది వైద్య రికార్డులు పరిశీలిస్తే, అటోర్వా వారికన్నా రోసువా వారిలో మూత్రంలో రక్తం, ప్రొటీన్ పోవడం కొంచెం ఎక్కువగా కనబడింది. తీవ్రమైన కిడ్నీ జబ్బున్న వారిలో 44 శాతం మందికి నియమాన్ని మించిన మోతాదు రాసినట్టు కూడా అందులోనే తేలింది. కాబట్టి కొత్త డాక్టరు దగ్గరికి వెళితే క్రియాటినిన్ రిపోర్టు దగ్గర పెట్టుకుని వెళ్లండి.

రెండోది, మన శరీరతత్వం. ఒకే మోతాదు రోసువా ఇచ్చినా, పాశ్చాత్యులతో పోలిస్తే ఆసియా వారి రక్తంలో మందు మట్టం సుమారు రెట్టింపు కనబడుతుంది. భారత సంతతి వారి మీద కూడా పరీక్షించి ఈ సంగతి తేల్చారు. అందుకే ఆసియా వారికి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమని అమెరికాలో మందుతో వచ్చే కాగితంలోనే రాసి ఉంటుంది. విదేశాల్లో ఉన్న బంధువు వాడే మోతాదు చూసి మీరూ అంతే వాడాలనుకోవడం అందుకే తగదు.

మూడోది, మీరు వాడే ఇతర మందులు. అటోర్వాను కాలేయంలోని ఒక ఎంజైము విరగ్గొడుతుంది. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్స్, ఇట్రాకోనజోల్ వంటి ఫంగస్ మందులు, కొన్ని హెచ్‌ఐవి మందులు ఆ ఎంజైమును అడ్డగిస్తాయి. అప్పుడు రక్తంలో అటోర్వా పేరుకుని కండరాలకు హాని కలగవచ్చు. తామరకో దగ్గుకో వారం రోజుల మందు తెచ్చుకునేటప్పుడు కూడా "నేను కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటున్నాను" అని చెప్పాలి. రోసువాకు ఈ ఎంజైముతో పెద్దగా పనిలేదు. కానీ దానికి వేరే చిక్కుంది. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్ దాంతోపాటే తాగితే రక్తంలోకి చేరే మందు సగానికి పడిపోతుంది. గ్యాస్ మందు తాగాల్సి వస్తే రోసువా వేసుకున్న రెండు గంటల తర్వాత తాగాలి. రక్తం పలుచబడడానికి వార్ఫరిన్ వాడేవారు ఏ స్టాటిన్ మొదలుపెట్టినా డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.

నాలుగోది, ఎంత తగ్గించాలన్నది. గుండెపోటు వచ్చినవారికి సాధారణంగా అటోర్వా 40 లేదా 80, లేకపోతే రోసువా 20 లేదా 40 వంటి పెద్ద మోతాదు ఇస్తారు. అదీ చాలకపోతే ఎజెటిమైబ్ అనే ఇంకో మందు కలుపుతారు. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే దొరికేది ఆరు శాతం. ఎజెటిమైబ్ కలిపితే దొరికేది సుమారు ఇరవై శాతం.

వేసుకునే వేళ విషయంలో తేడా లేదు. పాత సిమ్వాస్టాటిన్‌ను రాత్రే వేసుకోవాలి. ఈ రెండూ శరీరంలో చాలాసేపు నిలుస్తాయి కాబట్టి పొద్దున్నైనా రాత్రైనా, తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు. రోజూ ఒకే వేళ పెట్టుకుంటే మరచిపోరు.

నొప్పుల భయం

"ఆ మాత్ర వేసుకుంటే ఒళ్లు నొప్పులంట" అన్న మాట ప్రతి ఊళ్లో వినబడుతుంది. ఇందులో నిజమెంత? 2022లో సుమారు 1,24,000 మంది మీద జరిగిన పరీక్షలను కలిపి చూశారు. స్టాటిన్ వేసుకున్న వారిలో 27.1 శాతం మందికి కండరాల నొప్పులు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వారిలో 26.6 శాతం మందికి వచ్చాయి. తేడా ఉంది గానీ చాలా స్వల్పం.

ఇంగ్లండులో జరిగిన సామ్సన్ అనే మరో పరీక్ష ఇంకా ఆలోచింపజేస్తుంది. ఇబ్బందులు వచ్చాయని స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఏడాదిలో నాలుగు నెలలు అటోర్వా, నాలుగు నెలలు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మిగతా నాలుగు నెలలు ఏమీ ఇవ్వలేదు. ఏ నెలలో ఏ మాత్ర ఇస్తున్నారో వారికి చెప్పలేదు. స్టాటిన్ నెలల్లో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్ర నెలల్లో కూడా వచ్చింది. అంటే వారి నొప్పి అబద్ధం కాదు, నిజంగానే పడ్డారు. అయితే అందులో ఎక్కువ భాగం మందు వల్ల కాదు, మాత్ర వేసుకుంటున్నామన్న భయం వల్ల. ఈ సంగతి తెలిశాక వారిలో సగం మంది మళ్లీ మందు మొదలుపెట్టారు.

ఇలా అని నిజమైన ప్రమాదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తీవ్రమైన కండరాల నొప్పి, నీరసం, దాంతోపాటు మూత్రం కాఫీ రంగులోకి మారడం, లేదా కళ్లు పచ్చబడడం కనబడితే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇది చాలా అరుదు. మామూలు నొప్పులైతే డాక్టరు మోతాదు తగ్గించవచ్చు, అటోర్వా నుంచి రోసువాకో, రోసువా నుంచి అటోర్వాకో మార్చవచ్చు. ఒకటి పడకపోయినంత మాత్రాన రెండోది కూడా పడదని లేదు.

షుగర్ విషయానికొస్తే, స్టాటిన్లు షుగర్ వచ్చే అవకాశాన్ని కొద్దిగా పెంచుతాయి. అది ముఖ్యంగా ఇప్పటికే సరిహద్దు దగ్గర ఉన్నవారిలో. గుండెకు దొరికే రక్షణ దానికన్నా చాలా ఎక్కువ కాబట్టి, షుగర్ ఉన్నవారికే ఈ మందు ముందుగా రాస్తారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సాధారణంగా స్టాటిన్ వాడకూడదు. బిడ్డ కోసం ఎదురుచూస్తున్నవారు ముందే డాక్టరుతో మాట్లాడాలి.

వెల్లుల్లి, పసుపు, దాల్చిన చెక్క చాలవా అని కొందరు అడుగుతారు. అమెరికాలో 2022లో దీన్నీ పరీక్షించారు. 190 మందిని ఎనిమిది గుంపులు చేసి, ఒక గుంపుకు రోసువా 5 మిల్లీగ్రాములు, మిగతా వారికి వెల్లుల్లి, పసుపు, దాల్చిన చెక్క, చేప నూనె వంటి మాత్రలు గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చారు. 28 రోజుల తర్వాత రోసువా వారికి ఎల్‌డిఎల్ 38 శాతం తగ్గింది. మిగతావేవీ ఉత్తుత్తి మాత్ర కన్నా చెప్పుకోదగినంత తగ్గించలేదు. కూరల్లో వెల్లుల్లి వేసుకోండి, మంచిదే. మాత్రకు బదులుగా మాత్రం కాదు.

మానేయడమే అసలు ప్రమాదం

మందు మానేసేవారిలో ఎక్కువమంది చెప్పే కారణం ఒకటే: "రిపోర్టు నార్మల్ వచ్చిందండీ." వానలో గొడుగు పట్టుకున్నవాడు, "నేను తడవలేదు కదా" అని దారి మధ్యలో గొడుగు మూసేస్తే ఏమవుతుంది? నార్మల్ వచ్చింది మాత్ర పనిచేస్తున్నందువల్ల. మానేస్తే కొన్ని వారాల్లోనే కొలెస్ట్రాల్ పాత స్థాయికి వెళ్లిపోతుంది. బీపీ మాత్ర, షుగర్ మాత్ర లాగానే ఇదీ సాధారణంగా దీర్ఘకాలం వాడవలసిందే.

పైగా ల్యాబ్ కాగితం మీద ఉండే "నార్మల్" అందరికీ ఒకటి కాదు. భారత హృద్రోగ నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, ప్రమాదం తక్కువ ఉన్నవారికి ఎల్‌డిఎల్ 100 లోపు ఉండాలి. షుగర్, బీపీ వంటివి ఉండి ప్రమాదం ఎక్కువైన వారికి 70 లోపు. ఇప్పటికే గుండెపోటు, పక్షవాతం వచ్చినవారికి 55 లోపు. స్టెంట్ వేయించుకున్న వ్యక్తికి 95 వస్తే ల్యాబ్ కాగితం బాగుందనే చెబుతుంది. ఆయన గుండెకు అది చాలదు.

డెన్మార్క్‌లో స్టాటిన్ మొదలుపెట్టిన సుమారు 6,75,000 మంది రికార్డులను పరిశీలించారు. తొందరగా మానేసిన వారిలో, కొనసాగించిన వారికన్నా గుండెపోటు 26 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణం 18 శాతం ఎక్కువగా కనబడ్డాయి. స్టాటిన్ల మీద చెడు వార్తలు వచ్చిన కాలంలో మానేసిన వారి సంఖ్య పెరిగినట్టు కూడా గమనించారు. ఈ రోజుల్లో మనకు ఆ వార్తలు వాట్సాప్‌లో వస్తున్నాయి. ఒక సందేశాన్ని పదిమందికి పంపేముందు, అది చదివి మాత్ర మానేసేవారు ఆ పదిమందిలో ఉండవచ్చని తలచుకోండి.

సంఘాల్లో ప్రత్యేకంగా కనబడే రెండు సందర్భాలు చెప్పి తీరాలి. ఒకటి, ఉపవాసం. శ్రమల దినాల్లో, ఉపవాస కూడికల్లో మాత్రలన్నీ పక్కన పెట్టేవారున్నారు. ఈ రెండు మాత్రలూ ఆహారంతో పనిలేకుండా వేసుకోదగినవి, ఉపవాసం విడిచే వేళకు మార్చుకున్నా ఫరవాలేదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ సంగతి వేరు, వాటికి డాక్టరు సలహా తప్పనిసరి. రెండు, ప్రార్థన తర్వాత మందు ఆపేయడం. ప్రార్థన చేయించుకోండి, సాక్ష్యం చెప్పండి, మాత్ర కూడా వేసుకోండి. పౌలుతో ప్రయాణించిన లూకా వైద్యుడు. ఆయన వృత్తిని సంఘం ఎన్నడూ తక్కువ చేయలేదు. మాత్ర ఆపాలో వద్దో రక్తపరీక్ష చూసి వైద్యుడే చెప్పాలి. ఆ మాట సేవకులు వేదిక మీద నుంచి చెప్పకూడదు.

డాక్టరు దగ్గర ఈ ప్రశ్నలు అడగండి

నా ఎల్‌డిఎల్ ఎంత ఉంది, ఎంతకు తేవాలి? ఈ మాత్ర, ఈ మోతాదు నాకు ఎందుకు ఎంచుకున్నారు? నా కిడ్నీ, కాలేయం రిపోర్టులకు ఇది సరిపోతుందా? నేను వాడే మిగతా మందులతో పడుతుందా? మళ్లీ పరీక్ష ఎప్పుడు? మాత్ర మార్చినట్టయితే, పాతది పూర్తిగా ఆపాలా?

ఈ ఆరు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని, వాడుతున్న షీట్లన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వారి సంచి మీరే సర్దండి. ఒక మాత్రను రెండు పేర్లతో వేసుకుంటున్న సంగతి చాలాసార్లు ఆ సంచి విప్పినప్పుడే బయటపడుతుంది.

అటోర్వా వాడుతూ, లెక్క గమ్యంలో ఉండి, ఏ ఇబ్బందీ లేనివారు పక్కింటివారు రోసువా వాడుతున్నారని మార్పించుకోనక్కరలేదు. రోసువా వాడుతూ బాగున్నవారికీ అదే మాట. ఏ మాత్రైనా ఈ రాత్రి వేసుకున్నారా లేదా అన్నది చూసుకోండి. వచ్చే నెల షీటు అయిపోకముందే కొత్తది తెచ్చిపెట్టుకోండి.